మొదటి ఆట, హిట్ టాక్

ఆగస్టు ఆఖరి శుక్రవారం. డాలస్‌కు ఉత్తరాన మా అమ్మాయి వాళ్లుండే ఊరు. పొద్దుట్నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరితోనో అతి మర్యాదగా మాట్లాడిన మా అల్లుడు అయిదున్నరకు లేచి చొక్కా మార్చాడు. ఛాతీ మీద కోరలు బయటపెట్టిన జంతువు బొమ్మ. "మామయ్యగారూ, బయల్దేరండి. ఇవాళ మొదటి ఆట" అన్నాడు.

నాది గుంటూరు. మొదటి ఆట అంటే నాకొక్కటే తెలుసు. హాలు ముందు కటౌటు, కటౌటు మెడలో దండ, దండ మీద పాలు, పాల మీద ఈగలు. "హీరో ఎవరయ్యా?" అన్నాను. క్వార్టర్‌బ్యాక్ అనే కుర్రాడట. వయసు పదిహేడట. మన దగ్గర యాభై దాటినవాళ్లు వేసే కాలేజీ కుర్రాడి వేషాన్ని ఇక్కడ నిజంగా కాలేజీకి వెళ్లబోయేవాడికే ఇచ్చినందుకు సంతోషించాను.

సంగతేమిటంటే, మా మనవడు చదివే హైస్కూలుకు ఫుట్‌బాల్ సీజన్ మొదలైంది. (ఫుట్‌బాల్ అని పేరు పెట్టి చేత్తో ఆడతారేమిటన్న జోకు అరిగిపోయింది గనక వదిలేస్తున్నాను.) మావాడు జట్టులో లేడు, బ్యాండులో ఉన్నాడు. క్లారినెట్ ఊదుతాడు. ఈ మాట ఫోన్లో చెబితే మా బావమరిది "అంతంత ఫీజులు కట్టి పెళ్లి బ్యాండులో చేర్పించారా?" అని కంగారుపడ్డాడు. బ్యాండు ఫీజు ఎంతో విన్నాక కంగారు నా వంతయింది. నా నెల పెన్షన్ దాటింది.

శుక్రవారం రాత్రి మహిమ నాకు అంతవరకూ తెలీదు. టెక్సాస్‌లో శుక్రవారం హైస్కూళ్లది, శనివారం కాలేజీలది, ఆదివారం డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్లది. ఇది ఆచారమే కాదు, వెనక చట్టం కూడా ఉంది. 1961లో అమెరికా కాంగ్రెస్ క్రీడా ప్రసారాల చట్టం చేసింది. సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా, శుక్రవారం రాత్రిళ్లూ శనివారాలూ ఆ డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్ల పెద్ద లీగు తన ఆటల్ని టీవీలోకి ఎక్కిస్తే, గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి దానికిచ్చిన మినహాయింపుకు ఎసరొస్తుంది. హైస్కూలు, కాలేజీ ఆటలకు జనం రాకుండా పోతారని ఈ కట్టడి. సంక్రాంతికి మూడు పెద్ద బొమ్మలు దిగితే చిన్న సినిమాకు ఒక్క మార్నింగ్ షో దొరకని రాష్ట్రం నుంచి వచ్చినవాణ్ని. చిన్న సినిమా ఆడాలని పెద్ద హీరోని ఇంట్లో కూర్చోబెట్టిన చట్టం గురించి వినగానే, కారులో ఉన్నానన్న సంగతి మరిచి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

స్టేడియం చూశాక ఆ చేతులు దించలేదు. నేను చదివిన హైస్కూలుకు ఆటస్థలం ఉండేది. అందులో మధ్యాహ్నం గేదెలు, సాయంత్రం మేము. ఇక్కడ స్కూలు పిల్లల ఆటకు సినిమా తెరంత స్కోరుబోర్డు, పైన పత్రికలవాళ్లకు అద్దాల గది. అల్లుడు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మనది మామూలుదే మామయ్యగారూ, అలెన్ వాళ్లది చూడాలి" అన్నాడు. పక్కనున్న అలెన్‌లో హైస్కూలు పిల్లల కోసం 2012లో తెరిచిన స్టేడియంలో 18 వేల మంది కూర్చోవచ్చు. ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు. మన లెక్కలో 500 కోట్ల రూపాయల పైమాటే, అంటే ఓ పాన్ ఇండియా సినిమా. రెండేళ్లు తిరక్కుండా కాంక్రీటులో పగుళ్లొచ్చి 2014లో మూసేశారు, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. ఆ పగుళ్ల సంగతి విన్నాకే నాకు ఈ దేశం మీద కాస్త సొంతమన్న భావం కలిగింది. అలెన్ పక్కనున్న మెకిన్నీ ఊరుకుంటుందా? 2018లో సుమారు 7 కోట్ల డాలర్లతో ఇంకోటి లేపింది. ఎదురింటివాడు మేడ వేస్తే మనవాడు లిఫ్ట్ పెట్టించినట్టు.

గేటు దగ్గర మా ఆవిడను ఆపేశారు. లోపలున్నవి బయటికి కనబడే ప్లాస్టిక్ సంచీలే తీసుకెళ్లాలట. ఈవిడ సంచీ గుడ్డది. లోపల స్టీలు డబ్బా, డబ్బాలో పులిహోర. సెక్యూరిటీ అమ్మాయి మూత తీసి చూసి, వాసన చూసి, చాలా బాధగా తల అడ్డంగా ఊపింది. పులిహోర కారులోకి వెళ్లింది. బదులుగా అల్లుడు లోపల కొట్లో ఫ్రిటో పై అనేది కొనిచ్చాడు. మొక్కజొన్న చిప్స్ పాకెట్‌ను అడ్డంగా చీల్చి, ఆ పాకెట్‌లోనే వేడివేడి మాంసం కూర పోసి చెంచా గుచ్చి ఇస్తారు. మా ఆవిడ శాకాహారి గనక ఆవిడకు ఊరగాయ ఇప్పించాడు. ఊరగాయ అంటే ఉప్పునీళ్లలో నానిన ఒక నిండు కీర దోసకాయ, కాగితంలో చుట్టి. ఆవిడ దాన్ని ఆట అయ్యేదాకా కర్రలా పట్టుకుని కూర్చుంది.

ఆట నాకు అర్థం కాదనుకున్నాను. తీరా చూస్తే ఇది మన ఆటే. మొత్తం తగాదా గజాల గురించి. వంద గజాల స్థలం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ఆక్రమించాలి. ఆక్రమిస్తే ఇంకో నాలుగు అవకాశాలు, లేకపోతే స్థలం అవతలివాడికి స్వాధీనం. అవతలి చివరికంటా చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. పది గజాలు అయ్యాయా లేదా అని అనుమానమొస్తే మైదానం పక్కనుంచి ముగ్గురు మనుషులు రెండు కర్రలకు కట్టిన గొలుసు పట్టుకుని పరుగున వస్తారు. గొలుసు! సాక్షాత్తూ సర్వేయరు గొలుసు! నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. మా నాన్న 1968లో గట్టు తగాదా మీద వేసిన కేసు నా పెళ్లయిన మూడేళ్లకు తేలింది. ఇక్కడ అరనిమిషంలో గొలుసు లాగి, చెయ్యి చాపి, ఇదీ హద్దు అని తేల్చేశారు. లంచం లేదు, వాయిదా లేదు. ఓడినవాడు కూడా హెల్మెట్ సర్దుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

ఓడినవాడు వెళ్లిపోయాడు గానీ మెట్ల మీదివాళ్లు వెళ్లలేదు. ఈ కాలమ్ వాళ్ల గురించే.

మా వెనక వరసలో ఓ పెద్దాయన. సొంత దిండు, సొంత గొడుగు, సొంత అభిప్రాయం. ఆయన పిల్లలు ఈ స్కూలు వదిలి ఇరవై ఏళ్లయిందట. పక్కన ఓ నడివయసావిడ, గొంతు పోయినా చేతులతో అరుస్తోంది. మా ముందు నలుగురు తెలుగువాళ్లు. ఎవరి పిల్లలూ జట్టులో లేరు, ఇద్దరి పిల్లలు బ్యాండులో, ఒకరి అమ్మాయి చదరంగం టీములో. నాలుగో ఆయన భీమవరం మనిషి, ఇళ్లు అమ్మిపెడతాడు. ఆయనకు పిల్లలు లేరు, కస్టమర్లున్నారు. వీళ్లంతా బూస్టర్ క్లబ్బు సభ్యులు. అంటే జట్టుకు డబ్బూ ఉత్సాహమూ పోసే పెద్దల సంఘం. నేను పేరు విని పాలల్లో కలుపుకునేదేమో అనుకున్నాను. కాదు, పాలు వీళ్లే.

సగం ఆటకు మన స్కూలు 3, వాళ్లు 14. ఆ సగంలో నేను చెవులారా విన్నవి చెబుతాను. వెనక పెద్దాయన కోచ్‌ను క్రిస్మస్ లోపు పంపేయాలన్నాడు. ఆయన గొంతు పెరిగే కొద్దీ గడువు తగ్గి, రెండో క్వార్టర్ చివరికి సోమవారం ఉదయానికొచ్చింది. గొంతు పోయినావిడ క్వార్టర్‌బ్యాక్‌ను మార్చమని వేళ్లతో గుండ్రంగా తిప్పి చూపించింది. ముందు వరసలో కరీంనగర్ ఆయన "గిదేం ఆటన్నా, ఫస్టాఫ్ మొత్తం ల్యాగే. ఇంటర్వెల్ బ్యాంగ్ కూడ పడలే" అని రివ్యూ ఇచ్చాడు. ఒంగోలు ఆయన స్క్రీన్‌ప్లే బాలేదన్నాడు. మా అల్లుడు నావైపు తిరిగి పెదవి విరిచాడు. "వీళ్లకి ఆడటం రాదు మామయ్యగారూ. వీళ్లింతే" అన్నాడు.

వీళ్లు అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మధ్యలో బ్యాండు. అప్పటిదాకా ఉన్న జనంలో సగం మంది లేచి చిప్స్ కోసం వెళ్లిపోయారు. రెండు వందలకు పైగా పిల్లలు, మందపాటి కోట్లు, టోపీ మీద ఈకలు. ఎండ దిగినా నేల సెగలు కక్కుతోంది. అలెన్ బ్యాండులో అయితే ఆరు వందల మంది పైనేనట. వేసవి సెలవుల్లోనే స్కూలు పార్కింగు తారు మీద నిలబెట్టి వీళ్లకు అడుగులు నేర్పుతారు. మా మనవడు ఎక్కడున్నాడో కనిపించలేదు. మా ఆవిడ మాత్రం "అదిగో, మూడో వరసలో ఎడమ చెవి ఎత్తుగా" అంది. ఆ దూరం నుంచి చెవి ఎలా కనబడిందని అడిగే ధైర్యం నాకు లేదు.

మూడో క్వార్టర్‌లో మనవాళ్లు ఓ టచ్‌డౌన్ చేశారు, తర్వాత తన్నుడుతో ఇంకో పాయింటు. 10, 14. అప్పుడే మన కుర్రాడొకడు కింద పడి లేవలేదు. మైదానమంతా ఒక్కసారి చప్పుడాగింది. రెండు జట్ల పిల్లలూ ఎక్కడివాళ్లక్కడ ఒక మోకాలి మీద కూర్చున్నారు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని "వాళ్లమ్మ ఎక్కడ కూర్చుందండీ?" అని అడిగింది. చూస్తే, కింద కంచె దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. రెండు చేతులూ ఇనుప కమ్మీ మీద. కంచె దాటడం లేదు, కదలడం లేదు. కుర్రాడు లేచి ఇద్దరి భుజాల మీద కుంటుతూ వెళ్తుంటే అంతా చప్పట్లు కొట్టారు. అవతలివాళ్లూ కొట్టారు. చప్పట్లు ఆగీ ఆగకముందే వెనక పెద్దాయన అడిగాడు: "వచ్చే శుక్రవారానికి సిద్ధమవుతాడంటావా?"

ఇక చివరి రెండు నిమిషాలు. నాలుగో ప్రయత్నం, రెండు గజాలు కావాలి. ఆటకు ముందు మైకులో ప్రార్థన చేయించకూడదని 2000లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, అదీ ఈ టెక్సాస్‌లోని సాంటా ఫే స్కూళ్ల కేసులోనే. కోర్టు మైకును ఆపగలిగింది. నాలుగో ప్రయత్నంలో పెదవుల్ని ఆపడం ఏ కోర్టు తరమూ కాదు. చర్చివాళ్లు, గుడివాళ్లు, ఏదీ నమ్మనివాళ్లు అందరూ గొణుగుతున్నారు. మా అల్లుడు ఆంజనేయ దండకంలో మొదటి రెండు పాదాలు మాత్రమే వచ్చు గనక వాటినే తిప్పి తిప్పి చదివాడు. గజాలు దొరికాయి. ఇంకో మూడు ఎత్తుల్లో బంతి హద్దు దాటింది. 17, 14.

పెద్దాయన గొడుగు గాల్లోకి ఎగిరింది. సోమవారం ఉదయం ఉద్యోగం పోవాల్సిన కోచ్‌కు ఆయన అక్కడికక్కడే స్కూలు ముందు విగ్రహం మంజూరు చేశాడు. గొంతు పోయినావిడకు గొంతొచ్చింది. మార్చమన్న క్వార్టర్‌బ్యాక్‌నే పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. కరీంనగర్ ఆయన "క్లైమాక్స్ ఎలివేషన్ ఉంది సూడు, పైసా వసూల్" అన్నాడు. ఒంగోలు ఆయన, స్లోగా తీయడం డైరెక్టర్ కావాలనే చేశాడని తేల్చాడు. భీమవరం ఆయన ఫోన్ తీసి ఎవరికో ఇంటి ధర పదివేల డాలర్లు పెంచి చెప్పాడు. "స్కూలు టీము గెలుస్తోంది సార్, ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ దొరకదు." పది ఆటల సీజన్లో ఇది మొదటిది. అయినా మా చుట్టూ అందరూ డిసెంబరులో ఆర్లింగ్టన్‌లో జరిగే రాష్ట్ర ఫైనల్‌కు కారు ఎక్కడ ఆపితే నడక తక్కువో మాట్లాడుకుంటున్నారు.

మా అల్లుడు నన్ను ఎత్తినంత పనిచేశాడు. "కొట్టేశాం మామయ్యగారూ! మనం కొట్టేశాం!"

ఇంగ్లీషువాళ్లకు పాపం 'వుయ్' అని ఒక్కటే ముక్క. మనకు మేము, మనము అని రెండున్నాయి గనక మోసం తొందరగా పట్టుబడుతుంది. 14-3 దగ్గర 'వీళ్లు'. 14-10కి 'మనవాళ్లు'. 17 పడగానే 'మనం'. బయట పార్కింగులో ఓడిన ఊరివాళ్లు ఎదురైతే 'మేం'. నా లెక్క ప్రకారం మా అల్లుడు ఆ సాయంత్రం వంద గజాల స్థలంలో ఒక్క అడుగు వేయకుండా మూడు సర్వనామాలు దాటాడు.

నవ్వుతున్నారు కదా? ఓడితే ఏం జరుగుతుందో కూడా వినండి. ఇదే టెక్సాస్‌లో పడమటి దిక్కున ఒడెస్సా అనే చమురు బావుల ఊరుంది. అక్కడి పెర్మియన్ హైస్కూలు జట్టు వెంట బిస్సింజర్ అనే పత్రికా రచయిత 1988 సీజనంతా తిరిగి, 1990లో 'ఫ్రైడే నైట్ లైట్స్' అనే పుస్తకం రాశాడు. అందులో ఓ ఓటమి రాత్రి కోచ్ ఇంటికెళ్లేసరికి వాకిట్లో గడ్డి మీద 'ఇల్లు అమ్మబడును' బోర్డులు పాతి ఉన్నాయి. ఆయన అమ్మకానికి పెట్టలేదు, అభిమానులు పెట్టారు. మన భీమవరం ఆయన పని వాళ్లు ఉచితంగా చేశారన్నమాట.

ఇంకో కథ. 1984లో టెక్సాస్ ప్రభుత్వం ఓ చట్టం చేసింది. ఏ సబ్జెక్టులోనైనా 70 మార్కులు రాని పిల్లవాణ్ని ఆరు వారాలు ఆటకు దూరంగా ఉంచాలి. తర్వాత 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు. ఈ నియమం విని మా ఆవిడ "ఇదొక్కటీ మన దేశానికి తీసుకుపోదామండీ" అంది. ఆ చట్టం మీద సంతకం చేసిన గవర్నర్ మార్క్ వైట్ 1986 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఫుట్‌బాల్ కోచ్‌ల కోపమూ అందుకు ఓ కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. తీసుకుపోయే ఆలోచన ఉన్న మంత్రులెవరైనా ఉంటే ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలి.

బయటికొస్తుంటే కంచె పొడవునా సీనియర్ ఆటగాళ్ల ఫ్లెక్సీలు. ఒక్కొక్కరి మొహం నిలువెత్తున, కింద నంబర్లు. 7, 12, 21, 54. నిలువెత్తు పిల్లల మొహాలు, కింద నంబర్లు... ఎక్కడో చూశానే అనిపించింది. చూడకేం? ఫలితాల మర్నాడు మన పేపర్ల మొదటి పేజీలన్నీ అవే. 1, 1, 1, 2, 3 అని కేకలు పెట్టే ర్యాంకుల ప్రకటనలు. ఒకే కుర్రాడు రెండు మూడు కార్పొరేట్ కాలేజీల ప్రకటనల్లో ఒకే నవ్వు నవ్వుతూ, ఒకరి కంటే ఒకరికి ఎక్కువ 'మా విద్యార్థి'గా ఉంటాడు. ఇక్కడి పిల్లలకు కనీసం గాలి తగులుతుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. మా అమ్మాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకొచ్చిన రోజు నేను బ్రాడీపేట ఈ చివర నుంచి ఆ చివర దాకా "మాకు ర్యాంకొచ్చింది" అని చెప్పుకుంటూ నడిచాను. ఆ ఏడాదంతా రాత్రి రెండింటిదాకా చదివింది అది. లేచి కాఫీ కలిపింది మా ఆవిడ. నేను నిద్రపోయాను. ముందు ఏడాది పక్కింటి కుర్రాడికి రానప్పుడు మాత్రం "వాడికి రాలేదట" అన్నాను, ఏకవచనంలో.

పార్కింగులోంచి బయటపడటానికి నలభై నిమిషాలు పట్టింది. ఒకే దారి, గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ. మా పక్క కారులో అవతలి ఊరివాళ్లు. అద్దం దించి అల్లుడితో మర్యాదగానే మాట్లాడారు. రిఫరీకి కళ్లు లేవన్నారు, తమ కోచ్‌కు బుర్ర లేదన్నారు, 'వాళ్లు' ఇంతే అన్నారు. మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. కిటికీలోంచి కాగితం గిన్నెలో వాళ్లకూ కాస్త పెట్టింది. ఆ సాయంత్రం అవతలి జట్టువాళ్లకు మనవైపు నుంచి దక్కింది అదొక్కటే.

బ్యాండు పిల్లల్ని స్కూలు దగ్గర దింపేసరికి పదకొండు దాటింది. మా మనవడు ఈకల టోపీ చంకలో పెట్టుకుని, చెమటకు అంటుకుపోయిన కోటుతో, క్లారినెట్ పెట్టె మోసుకుంటూ కారెక్కాడు. ఎక్కగానే "తాతయ్యా, మూడో ఫార్మేషన్‌లో ట్రాంబోన్లు ఒక అడుగు ముందుకొచ్చేశాయి, చూశావా?" అన్నాడు. చూశానని అబద్ధమాడాను. వాడు కాసేపు బాధపడ్డాడు. మా అమ్మాయి ఇచ్చిన నీళ్లు గటగటా తాగాడు. పులిహోర డబ్బా అడుగు గోకాడు. క్వార్టర్‌బ్యాక్ కెమిస్ట్రీలో తన క్లాసేనని, సోమవారం ఇవ్వాల్సిన ల్యాబ్ రిపోర్టు గురించి ఇప్పుడే మెసేజ్ పెట్టాడని చెప్పాడు. 70 రావాలిగా మరి.

ఇంటి మలుపు దగ్గర ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "ఇంతకీ వాళ్లు గెలిచారా?" అని అడిగాడు.

అల్లుడు కారును పక్కకు తీసి ఆపాడు.

వచ్చే శుక్రవారం రెండో ఆట, అవతలి ఊళ్లో. బూస్టర్ క్లబ్బు నుంచి నాకూ ఓ టీషర్టు వచ్చింది. ముందు కోరల జంతువు, వెనక 'బ్యాండ్ గ్రాండ్‌పా' అని అచ్చు. నాకు రెండు సైజులు చిన్నది. మార్చి తెస్తానన్నారు.